శంషాబాదు విమానాశ్రయం నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రయాణ మార్గాలు

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం హైదరాబాదు నగరానికి దక్షిణ దిక్కున, ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరపు ఈశాన్య భాగాన ఉన్నవి. రెండింటి మధ్య రోడ్డు దూరం, ఎంచుకున్న దారిని బట్టి, సుమారు 30 నుండి 35 కిలోమీటర్లు. విమానాశ్రయానికి మెట్రో రైలు గాని, టెర్మినల్ ముందు ఆగే లోకల్ రైలు గాని లేనందున ప్రయాణంలో ఎక్కువ భాగం రోడ్డు మీదనే సాగుతుంది. ప్రవేశాలకు, పరీక్షలకు, ఇంటర్వ్యూలకు, సదస్సులకు, పరిశోధన పనులకు ఏటా అనేకమంది ఈ దారిన వస్తుంటారు. మొదటిసారి వచ్చేవారికి ఇబ్బంది కలిగించేది దూరం కంటే పేర్ల గందరగోళమే. నగరంలో "ఉస్మానియా" పేరు గల సంస్థలు చాలా ఉన్నవి. విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాలలు కూడా అన్నీ ఒకే ప్రాంగణంలో లేవు.

నేపథ్యం

2008 మార్చి వరకు హైదరాబాదుకు వచ్చే విమానాలు బేగంపేట విమానాశ్రయంలో దిగేవి. నిజాం పాలనలో 1930వ దశకంలో మొదలైన ఆ విమానాశ్రయం నగరం నడిబొడ్డున ఉండేది. అక్కడి నుండి సికింద్రాబాదు మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పది కిలోమీటర్ల లోపే. విమానం దిగినవారు ఆటో ఎక్కి అరగంటలో తార్నాక చేరుకునేవారు. నగరం పెరిగి బేగంపేట చుట్టూ ఇళ్ళు కమ్ముకున్న తరువాత విస్తరణకు అక్కడ చోటు లేకపోయింది. శంషాబాదు వద్ద సుమారు 5,500 ఎకరాలలో, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కొత్త విమానాశ్రయం నిర్మించబడినది. 2008 మార్చి 14న దీనిని ప్రారంభించారు. మార్చి 23 నుండి విమానాల రాకపోకలు ఇక్కడికి మారాయి. సాధారణ ప్రయాణికుల విమానాలకు బేగంపేట అదే రోజు మూతపడినది.

ఈ మార్పు నగరంలోని ప్రాంతాలన్నింటినీ ఒకే విధంగా తాకలేదు. పడమటి వైపున ఉన్న గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాలకు బాహ్య వలయ రహదారి మీదుగా కొత్త విమానాశ్రయం చేరువైనది. 2009 అక్టోబరులో ప్రారంభమైన 11.6 కి.మీ. పొడవైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు ఉన్నది. దాని వలన మెహదీపట్నం, మాసాబ్ టాంక్, బంజారా హిల్స్ వారికి మేలు కలిగింది. తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ వంటి తూర్పు ప్రాంతాలకు మాత్రం అటువంటి ప్రత్యేకమైన దారి ఏదీ రాలేదు. విశ్వవిద్యాలయానికి వచ్చే ప్రయాణికుడు మూసీ నదిని దాటి, నగరాన్ని చుట్టి గాని చీల్చుకొని గాని అవతలి వైపుకు చేరవలసి ఉంటుంది.

ఏ "ఉస్మానియా"?

బయలుదేరే ముందే తేల్చుకోవలసిన విషయం ఇది. టాక్సీ డ్రైవరుకు "ఉస్మానియా" అని మాత్రమే చెబితే అతనికి ముందుగా స్ఫురించేది అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి కావచ్చును. కోఠిలో ఉస్మానియా వైద్య కళాశాల ఉన్నది. ఇవి రెండూ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చాలా దూరం. అన్నింటికీ ఆ పేరు రావడానికి కారణం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. విశ్వవిద్యాలయ స్థాపనకు ఆయన 1917లో ఫర్మానా జారీ చేశారు, 1918లో అది ఏర్పడినది. ఉర్దూను బోధనా భాషగా స్వీకరించిన విశ్వవిద్యాలయంగా అది ఆనాడు ప్రసిద్ధి చెందింది.

కోఠిలో, పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ ఆవరణలో ఉన్న మహిళా కళాశాల చాలాకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగంగా ఉండేది. 2022లో అది ప్రత్యేక మహిళా విశ్వవిద్యాలయంగా మారింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాత ధ్రువపత్రాలలో, పాత పుస్తకాలలో దాని పేరు ఉస్మానియా కళాశాలగానే కనిపిస్తుంది. నిజాం కళాశాల, స్నాతకోత్తర న్యాయ కళాశాల బషీర్‌బాగ్‌లోను, స్నాతకోత్తర విజ్ఞాన కళాశాల సైఫాబాద్‌లోను, మరొక స్నాతకోత్తర కళాశాల సికింద్రాబాదులోను ఉన్నవి. ఇవన్నీ ఉస్మానియా విశ్వవిద్యాలయానివే గాని, ప్రధాన ప్రాంగణంలోనివి కావు. హాల్ టికెట్టు మీద గాని, పిలుపు లేఖలో గాని కళాశాల పేరు కింద ఉన్న వీధి, ప్రాంతం చదవకుండా "ఓయూ" అనుకొని తార్నాకలో దిగిన అభ్యర్థికి బషీర్‌బాగ్ చేరడానికి రద్దీ వేళ మరొక గంట పట్టవచ్చును. పరీక్ష గదిలోకి ఆలస్యంగా వచ్చినవారిని అనుమతించని ప్రవేశ పరీక్షలలో ఈ గంట ఒక సంవత్సరంతో సమానం.

ఇంకొక గందరగోళం "హైదరాబాదు యూనివర్సిటీ" అనే మాటతో వస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. అది నగరానికి పడమట గచ్చిబౌలిలో ఉన్నది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా గచ్చిబౌలిలోనే ఉన్నది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కూకట్‌పల్లిలోను, ఆచార్య జయశంకర్ పేరుతో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లోను ఉన్నవి. విమానాశ్రయం నుండి వీటికి వెళ్ళే దారులు వేరు. ఇతర రాష్ట్రాల నుండి, విదేశాల నుండి వచ్చేవారు ఉస్మానియాను, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఒకటిగా పొరబడటం అరుదు కాదు. గచ్చిబౌలిలో దిగిన తరువాత తార్నాకకు రావలెనంటే నగరం ఈ చివరి నుండి ఆ చివరి వరకు ప్రయాణించాలి.

డ్రైవరుకు "ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక" అని గాని, "ఓయూ ఆర్ట్స్ కాలేజి" అని గాని చెప్పడం మేలు. హిందీ, దక్కనీ ఉర్దూ, తెలుగు మూడింటిలోనూ ఈ మాటలు ఒకే విధంగా అర్థమవుతాయి.

రోడ్డు మార్గాలు

విమానాశ్రయం నుండి విశ్వవిద్యాలయానికి కారులో వెళ్ళేవారు సాధారణంగా మూడు నాలుగు దారులలో ఒకటి ఎంచుకుంటారు.

మొదటిది అంతర వలయ రహదారి. శంషాబాదు నుండి 44వ జాతీయ రహదారి మీద ఆరాంఘర్ వరకు వచ్చి, అక్కడ కుడివైపుకు తిరిగి చాంద్రాయణగుట్ట, ఎల్.బి.నగర్, నాగోలు, ఉప్పల్, హబ్సిగూడల మీదుగా తార్నాక చేరే దారి ఇది. 44వ జాతీయ రహదారిని పాత పటాలలో 7వ జాతీయ రహదారిగా చూపుతారు. నాగోలు వద్ద మూసీ నది దాటవలెను. విమానాశ్రయం తూర్పు వైపు నుండి బయటపడి శ్రీశైలం రహదారి మీద పహాడీ షరీఫ్ దాటి చాంద్రాయణగుట్ట వద్ద ఇదే వలయ రహదారిలో కలిసే వీలు కూడా ఉన్నది. నగర మధ్య భాగపు ఇరుకులోకి పోకుండా విశ్వవిద్యాలయం ఉత్తర భాగానికి చేర్చడం ఈ దారిలోని సుగుణం. ఎల్.బి.నగర్, ఉప్పల్ కూడళ్ళు దీని బలహీనతలు. విజయవాడ రహదారి ఎల్.బి.నగర్ వద్ద, వరంగల్లు రహదారి ఉప్పల్ వద్ద నగరంలోకి ప్రవేశిస్తాయి. సెలవులు ముగిసి జనం ఊళ్ళ నుండి తిరిగివచ్చే రోజులలో, ముఖ్యంగా సంక్రాంతి తరువాత, ఈ కూడళ్ళ వద్ద వాహనాలు బారులు తీరి ఉంటాయి.

రెండవది పాత నగరం గుండా వెళ్ళేది. ఆరాంఘర్ నుండి నెహ్రూ జంతుప్రదర్శనశాల వైపుకు వచ్చి, మూసీ దాటి, కోఠి, కాచిగూడ, నల్లకుంట ప్రాంతాల మీదుగా విద్యానగర్ చేరవచ్చును. 2025 జనవరిలో ఆరాంఘర్, జంతుప్రదర్శనశాల మధ్య సుమారు 4 కి.మీ. పైవంతెన ప్రారంభమైన తరువాత ఈ దారి మొదటి భాగం సులువైనది. ఆ తరువాతి భాగం మాత్రం ఎప్పటివలెనే ఉన్నది. దూరం తక్కువగా కనిపించినా పగటిపూట ఈ దారిన వెళ్ళడం తొందర ఉన్నవారికి తగదు. తెల్లవారుజామున ఇదే దారి హాయిగా ఉంటుంది. మూసీ మీది పాత వంతెనలను ఆ వేళలో నింపాదిగా చూడవచ్చును.

మూడవది ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహదీపట్నం చేరి, అక్కడి నుండి లక్డీకాపూల్, నారాయణగూడ ప్రాంతాల గుండా తూర్పుకు తిరిగే దారి. విమానాశ్రయం నుండి వచ్చే వాహనాలను ఆరాంఘర్ వద్ద ఎక్స్‌ప్రెస్‌వే ఆకర్షిస్తుంది, కొత్త డ్రైవర్లు అలవాటుగా దాని మీదకు ఎక్కుతారు. పన్నెండు కిలోమీటర్లు ఆగకుండా వచ్చి నగరం మధ్యలో చిక్కుకోవడమే దీని ఫలితం. బషీర్‌బాగ్, సైఫాబాద్ కళాశాలలకు వెళ్ళేవారికి ఈ దారి సరైనదే. ప్రధాన ప్రాంగణానికి కాదు.

ఇవి గాక 158 కి.మీ. పొడవైన బాహ్య వలయ రహదారి మీద తూర్పుగా సాగి, పెద్ద అంబర్‌పేట వద్ద గాని ఘట్‌కేసర్ వద్ద గాని దిగి నగరంలోకి రావచ్చును. దూరం బాగా పెరుగుతుంది, టోలు కట్టవలెను, చివరకు మళ్ళీ ఎల్.బి.నగర్ లేదా ఉప్పల్ కూడలికే చేరుకోవలెను. లోపలి రోడ్లు మూసివేసిన రోజున తప్ప దీని అవసరం ఉండదు.

రోడ్డు ఖాళీగా ఉన్న వేళ కారు ప్రయాణానికి గంట సరిపోతుంది. ఉదయం తొమ్మిది నుండి పదకొండు వరకు, సాయంత్రం ఐదు నుండి తొమ్మిది వరకు గంటన్నర, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పది గంటలకు ఇంటర్వ్యూ ఉన్నవారు ఎనిమిది గంటలకు దిగే విమానాన్ని నమ్ముకోవడం సాహసమే. సామాను రావడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకుంటే ముందురోజు రావడమే క్షేమం.

పుష్పక్ బస్సులు

రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ విమానాశ్రయం నుండి నగరంలోని వివిధ ప్రాంతాలకు "పుష్పక్" పేరుతో ఏ.సి. బస్సులు నడుపుతున్నది. 2019 నుండి వీటిలో విద్యుత్ బస్సులు ప్రవేశపెట్టబడినవి. టెర్మినల్ వెలుపల, ఆగమన ద్వారాలకు దగ్గరలో ఇవి ఆగుతాయి. సామానుకు చోటు ఉంటుంది. ఒంటరిగా వచ్చే విద్యార్థికి ఖర్చు, భద్రత రెండింటి దృష్ట్యా ఇదే ఉత్తమమైన సాధనమని చెప్పవచ్చును.

విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారు ఎక్కవలసినది ఎల్.బి.నగర్, ఉప్పల్, తార్నాకల మీదుగా సికింద్రాబాదు వైపు వెళ్ళే బస్సు. సికింద్రాబాదు పేరు కనిపించినంత మాత్రాన ప్రతి బస్సూ తార్నాక మీదుగా వెళ్ళవలెనని లేదు. మెహదీపట్నం, బేగంపేటల మీదుగా సికింద్రాబాదు చేరే దారి కూడా ఒకటి ఉన్నది. కనుక "తార్నాక వెళుతుందా" అని బస్సు సిబ్బందిని అడిగి ఎక్కవలెను. తార్నాక కూడలిలో దిగితే విశ్వవిద్యాలయానికి వెళ్ళే రోడ్డు అక్కడి నుండే మొదలవుతుంది. సామాను ఉన్నవారికి అక్కడ ఆటోలు దొరుకుతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న ప్రారంభించిన మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రానికి చెందిన మహిళలకు, బాలికలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులలో ప్రయాణం ఉచితం. పుష్పక్ బస్సులకు ఈ పథకం వర్తించదు. తార్నాక నుండి నగరంలో ఇతర చోట్లకు వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు చూపి దీనిని ఉపయోగించుకోవచ్చును.

విదేశాల నుండి వచ్చే విమానాలలో చాలా భాగం అర్ధరాత్రికి, తెల్లవారుజాముకు మధ్య దిగుతాయి. ఆ వేళలో బస్సుల మధ్య వ్యవధి పెరుగుతుంది. నాలుగు గంటల ప్రాంతంలో దిగినవారు టెర్మినల్‌లోనే గంటో రెండు గంటలో కూర్చొని వెలుగు వచ్చాక బయలుదేరడం ఒక మంచి పద్ధతి. తార్నాకలో తెల్లవారకముందే దిగినా హాస్టలు కార్యాలయాలు తెరిచి ఉండవు.

టాక్సీలు

టెర్మినల్ వద్ద ప్రీపెయిడ్ టాక్సీలు, మొబైల్ ఫోను ద్వారా పిలిపించుకునే ఊబర్, ఓలా వంటి టాక్సీలు లభిస్తాయి. ఫోను ద్వారా పిలిచిన వాటికి ఎక్కే చోటు వేరుగా కేటాయించబడి ఉంటుంది, సూచికలు చూసి అక్కడికి నడవవలెను. భారతదేశపు ఫోను నెంబరు, ఇంటర్నెట్టు లేని విదేశీయులకు ప్రీపెయిడ్ కౌంటరే సులువు. ఆటోలు టెర్మినల్ ముందుకు రావు. బయటకు వచ్చేవారిని పలకరించి "టాక్సీ కావాలా" అని వెంటపడేవారితో బేరం కుదుర్చుకోకపోవడం మంచిది. ఆపద సమయంలో 112 నెంబరుకు ఫోను చేయవలెను.

టాక్సీలో గమ్యాన్ని పటం మీద గుర్తించేటప్పుడు విశ్వవిద్యాలయం పేరు కాక, చేరవలసిన విభాగం లేదా హాస్టలు పేరు ఇవ్వవలెను. ప్రాంగణం చాలా పెద్దది. ఒక చివర దింపి వెళ్ళిపోతే రెండవ చివరకు సామానుతో నడవడం ఎండాకాలంలో శిక్షే.

రైలు మార్గం

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉన్న అరుదైన సౌకర్యం దాని పక్కనుండి పోయే రైలు దారి. సికింద్రాబాదు, కాచిగూడల మధ్య సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా, విద్యానగర్ స్టేషనులు వరుసగా వస్తాయి. వీటిలో రెండింటికి విశ్వవిద్యాలయం వలననే పేరు వచ్చింది. ఉర్దూలో "జామియా" అంటే విశ్వవిద్యాలయం. "జామియా ఉస్మానియా" అనేదే పలుకుబడిలో "జామై ఉస్మానియా"గా మారి స్టేషను బోర్డు మీదకు ఎక్కింది. ఇది తెలియని కొత్తవారు ఆ బోర్డు చూసి కూడా విశ్వవిద్యాలయం ఇంకా రాలేదని కూర్చుండిపోవడం కద్దు.

ఈ దారిలో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్ళు నడుస్తాయి. 2003 ఆగస్టు 9న మొదలైన ఈ సేవ చాలాకాలం ఫలక్‌నుమా వరకే పరిమితమై ఉండేది. రెండవ దశలో శంషాబాదు పట్టణానికి చెందిన ఉందానగర్ స్టేషను వరకు పొడిగించబడినది. సికింద్రాబాదు, మహబూబ్‌నగర్ మధ్య రెండవ లైను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైనది. దీనితో కాగితం మీద చూస్తే ఉందానగర్‌లో రైలు ఎక్కి, మారకుండా, ఆర్ట్స్ కాలేజి స్టేషనులో దిగే వీలు ఏర్పడినది. పాత నగరం వీధులను, రద్దీని తప్పించుకొని నేరుగా ప్రాంగణం అంచుకు చేర్చే దారి ఇది ఒక్కటే.

కానీ విమానాశ్రయం నుండి ఉందానగర్ స్టేషను కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మధ్యలో మరొక వాహనం వెతుక్కోవలెను. రైళ్ళ సంఖ్య తక్కువ, కొన్ని రోజులలో రద్దవుతుంటాయి కూడా. లైనును విమానాశ్రయం వరకు తీసుకురావాలనే ప్రతిపాదన ఎన్నో ఏళ్ళుగా ఉన్నప్పటికీ కార్యరూపం దాల్చలేదు. ఆ చివరి కొద్ది కిలోమీటర్లు లేకపోవడం వలన విద్యార్థికి అత్యంత చవకగా ఉండవలసిన దారి అక్కరకు రాకుండా పోయింది. భారీ సామాను లేనివారు, రైలు వేళలు ముందే చూసుకున్నవారు మాత్రమే దీనిని ప్రయత్నించవచ్చును. రాయలసీమ, కర్ణాటక వైపు నుండి రైలులో కాచిగూడకు వచ్చేవారికి మాత్రం ఎం.ఎం.టి.ఎస్. ఎంతో అనుకూలం, రెండు మూడు స్టేషనులు దాటితే విశ్వవిద్యాలయమే.

మెట్రో

హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైనది. నాగోలు నుండి రాయదుర్గం వెళ్ళే నీలి మార్గంలో తార్నాక, హబ్సిగూడ స్టేషనులు విశ్వవిద్యాలయానికి దగ్గరివి. నగరంలో ఎక్కడ ఉన్నా అక్కడి నుండి ప్రాంగణానికి రావడానికి మెట్రో చక్కని సాధనం. అయితే విమానాశ్రయం నుండి వచ్చేవారు ఇందులో ఒక చిక్కును గమనించవలెను. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు పొడిగించబడిన ఎరుపు మార్గం అక్కడే ముగుస్తుంది. నీలి మార్గం నాగోలులో ముగుస్తుంది. ఈ రెండు చివరల మధ్య సుమారు ఐదు కిలోమీటర్ల ఖాళీ ఉన్నది. పటంలో పక్కపక్కనే కనిపిస్తాయని ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే, అమీర్‌పేట వరకు పోయి అక్కడ మారి మళ్ళీ వెనక్కు తూర్పుకు రావలసి వస్తుంది. బస్సులో ఉన్నవారు బస్సులోనే ఉండటం మేలు. రద్దీ మరీ ఎక్కువగా ఉంటే నాగోలులో గాని ఉప్పల్‌లో గాని దిగి మెట్రో ఎక్కితే కొద్దిసేపట్లో తార్నాక వస్తుంది. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారేవరకు మెట్రో నడవదు.

విమానాశ్రయానికి మెట్రో వేయాలనే ఆలోచన పలు రూపాలు మార్చుకున్నది. 2022 డిసెంబరులో రాయదుర్గం నుండి విమానాశ్రయానికి ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన తరువాత ఆ ప్రణాళికను పక్కనపెట్టి, నాగోలు, ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా విమానాశ్రయానికి వెళ్ళే మార్గాన్ని రెండవ దశలో చేర్చారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దీనికి ఆమోదం తెలిపింది. మొదటి ప్రణాళిక పడమటి ప్రాంతాలకు, రెండవది తూర్పు ప్రాంతాలకు అనుకూలం. ఉస్మానియా విశ్వవిద్యాలయం దృష్టితో చూస్తే ఈ మార్పు చిన్నది కాదు. ఆ మార్గం పూర్తయితే నీలి మార్గంతో కలిసి తార్నాకకు విమానాశ్రయం నుండి రైలు సౌకర్యం ఏర్పడుతుంది.

ప్రాంగణం చేరిన తరువాత

విశ్వవిద్యాలయం మొదట గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో నడిచింది. తరువాత నగరానికి వెలుపల అడిక్‌మెట్ వద్ద విశాలమైన స్థలంలో శాశ్వత ప్రాంగణం కట్టారు. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో నిర్మించిన ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరు 4న నిజాం దానిని ప్రారంభించారు. గులాబి రంగు గ్రానైటు రాతితో కట్టిన ఈ భవనమే నేటికీ విశ్వవిద్యాలయానికి గుర్తు. దారి అడిగేటప్పుడు దీనిని కేంద్రంగా పెట్టుకొని అడిగితే ఎవరైనా చెప్పగలరు.

ప్రాంగణానికి ఉత్తరాన తార్నాక, దక్షిణాన విద్యానగర్, అడిక్‌మెట్ వైపులు ముఖ్యమైన ప్రవేశ మార్గాలు. విద్యానగర్ వైపు ఉన్న ఎన్.సి.సి. గేటు పేరు తెలంగాణ ఉద్యమ కాలంలో వార్తాపత్రికలు చదివినవారందరికీ పరిచితమే. 2009 నుండి 2014 వరకు జరిగిన ఆ ఉద్యమంలో విద్యార్థులను ఊరేగింపుగా బయటకు రానీయకుండా పోలీసులు అక్కడ ముళ్ళకంచెలు వేసేవారు. ఇప్పటికీ ఆందోళనలు జరిగే రోజులలో, ప్రముఖులు వచ్చే రోజులలో గేట్లు మూసి వాహనాలను మళ్ళిస్తుంటారు. సందర్శకుడు అటువంటి రోజున రెండవ వైపు నుండి ప్రయత్నించవలెను, లేదా గుర్తింపు పత్రం చూపి నడిచి లోపలికి వెళ్ళవలెను. పిలుపు లేఖ ప్రతి ఒకటి చేతిలో ఉంచుకోవడం అందుకే.

ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్నా, అది వేరే కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1958లో ఒక సంస్థగా మొదలై, తరువాత విశ్వవిద్యాలయమైనది. భారత రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోను, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హబ్సిగూడ నుండి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద ఉన్నవి. పైన చెప్పిన దారులన్నీ వీటికి వచ్చే పరిశోధకులకు కూడా వర్తిస్తాయి. ఉప్పల్ రోడ్డు మీది సంస్థలకు వెళ్ళేవారు తార్నాక వరకు రాకుండా ముందే దిగవలెను.

180 రోజులకు మించిన విద్యార్థి వీసాపై వచ్చే విదేశీయులు దేశంలో అడుగుపెట్టిన 14 రోజుల లోపు విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు చేసుకోవలెను. ఇది ఇంటర్నెట్టు ద్వారా జరుగుతుంది. దానికి నివాసపు ఆధారం, విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం కావలసి ఉంటాయి కాబట్టి, మొదటి వారంలోనే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి వెళ్ళడం అవసరం.

వర్షాలు, ఉత్సవాలు

జూన్ నుండి అక్టోబరు వరకు వానలు ఈ దారులను ఒక్కసారిగా మార్చివేయగలవు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు శంషాబాదు, ఆరాంఘర్‌ల మధ్య గగన్‌పహాడ్ వద్ద చెరువు తెగి జాతీయ రహదారి కొట్టుకుపోయింది. వాహనాలు నీటిలో కొట్టుకుపోయి ప్రాణనష్టం జరిగింది. విమానాశ్రయపు ముఖ్యమైన దారి అదే కావడంతో వాహనాలను బాహ్య వలయ రహదారి మీదకు మళ్ళించవలసి వచ్చింది. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మీద చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వద్ద ఉన్న లోతట్టు వంతెనలను మూసివేస్తారు. అప్పుడు మలక్‌పేట, అంబర్‌పేటల మీదుగా విద్యానగర్ వచ్చే దారి తెగిపోతుంది. నాగోలు వంతెన ఎత్తుగా ఉన్నందున వలయ రహదారి అటువంటి రోజులలో కొంత నయం.

వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ వినాయకుని ఊరేగింపు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినారు మీదుగా హుస్సేన్ సాగరం వైపు సాగుతుంది. అంటే వలయ రహదారిని, పాత నగరపు దారిని రెండింటినీ అది తాకుతుంది. మొహర్రం పదవ రోజున బీబీ కా ఆలం ఊరేగింపు డబీర్‌పురా నుండి చాదర్‌ఘాట్ వరకు వస్తుంది. ఈ రెండు రోజులలో పోలీసులు ముందుగానే ప్రకటించే మళ్ళింపులను చూసుకొని బయలుదేరవలెను.

తిరుగు ప్రయాణం

విశ్వవిద్యాలయం నుండి విమానాశ్రయానికి వెళ్ళేటప్పుడు దారులు ఇవే అయినా లెక్క మారుతుంది. వచ్చేటప్పుడు ఆలస్యమైతే ఒక పని చెడుతుంది, వెళ్ళేటప్పుడు ఆలస్యమైతే విమానమే పోతుంది. దేశీయ విమానాలకు రెండు గంటలు, అంతర్జాతీయ విమానాలకు మూడు గంటలు ముందు టెర్మినల్ చేరవలెనని విమాన సంస్థలు సూచిస్తాయి. దీనికి ప్రయాణ సమయంగా రెండు గంటలు కలిపితే, సాయంత్రం ఎనిమిది గంటల దేశీయ విమానానికి మధ్యాహ్నం నాలుగు గంటలకే తార్నాక విడవవలెను. పుష్పక్ బస్సు తార్నాకలో సికింద్రాబాదు నుండి వస్తూ ఆగుతుంది, కనుక ఉప్పల్ వైపు వెళ్ళే రోడ్డు పక్కన నిలబడవలెను. ఎదురుగా ఆగే బస్సు సికింద్రాబాదుకు వెళ్ళేది.